కొలకర్ర

ఎర్రగీత, తెల్లగీత, మళ్ళీ ఎర్రగీత.
మూడు మీటర్ల కర్ర భుజాన వేసుకుని
ఆవ భూమిలో మోకాలి లోతున నిలబడ్డాను.
ఆఫీసు భాషలో దీని పేరు లేఅవుటు.
జమ్ముకీ, నత్తగుల్ల కొంగలకీ,
అడుగున తిరిగే మట్టగిడసలకీ
ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

కాజులంక డ్రెయిను ఇక్కడే వంగి
వైనతేయలోకి పోతుంది.
పోటు వేళ తూము దగ్గర ఆగుతుంది,
ఆటు కోసం కాచుక్కూర్చుంటుంది.
అది కూర్చునే చోటే ఈ మూడెకరాలు.

నా చేతిలో ఫారం. ఏడో కాలమ్:
నీటి పారుదలకు అంతరాయం: "లేదు".
ఆ "లేదు" ముందే టైపు చేసి ఉంది.
శుక్రవారం లోపు కింద నా సంతకం పడాలి.
డీఈ గారు మంచివారే, కసురుకోలేదు.
"గ్రావెల్ లారీలు రోడ్డు మీద ఆగి ఉన్నాయోయ్,
జాబితాలో వాళ్ళు గట్టు మీద పడుకుంటున్నారు,
నీ కప్పలు నాలుగు రోజులు సర్దుకోలేవా?"
నవ్వాను.
ఆ నవ్వు ఇంకా నోట్లో ఉప్పగా ఉంది.
ఆయన అన్నదాంట్లో రెండో మాట నిజం.

గట్టు మీద వాళ్ళలో గెద్దాడ దానమ్మ ఒకరు.
కాలవకీ రోడ్డుకీ మధ్య, టార్పాలిన్ కింద
పదకొండేళ్ళు. ఎనిమిదడుగుల ఇల్లు.
లారీ వెళితే గిన్నెలు మాట్లాడతాయి.
పట్టా కాయితం లామినేషన్ చేయించి
బియ్యం డబ్బాలో దాచుకుంది, వేపాకుల మధ్య.
ప్లాటు నెంబరు నూట పదిహేడు.

నీళ్ళ సంగతి నేను అడగలేదు, ఆమే చెప్పింది.
నా దగ్గర ముప్పై ఏళ్ళ వర్షపాతం ఉంది,
ఆమె దగ్గర ఒక్క రాత్రి.
"గట్టు తెగిన ఏడు, ఇదిగో, ఇక్కడికి" అని
గుండె మీద చెయ్యి అడ్డంగా పెట్టింది.
"పిల్లని నెత్తిన పెట్టుకుని నడిచా. మేక పోయింది.
ఐదో రోజుకి గానీ తియ్యలేదు."
ఆమె పక్కనే కర్ర దింపాను.
ఒకటీ ఇరవై.
ఏ రికార్డులోనూ లేని అంకె.

మెరక చెయ్యొచ్చు. నాలుగడుగులు గ్రావెల్ పోస్తే
ఇళ్ళు తేలతాయి.
నీళ్ళు పక్క పేటకి పోతాయి,
బడి అరుగెక్కి కూర్చుంటాయి.

రాత్రి లాడ్జిలో మ్యాపు మీద పెన్సిలు పెట్టాను.
నీటికి దారి వదలాలంటే పదహారు ప్లాట్లు పోవాలి,
నూట ఐదు నుంచి నూట ఇరవై దాకా.
ములుకు విరిగింది. చెక్కి, మళ్ళీ లెక్క పెట్టాను.
మళ్ళీ పదహారే.

పొద్దున్నే వెళ్ళి చెప్పాను. చెప్పడం నా డ్యూటీ కాదు.
రొయ్యల షెడ్డుకి బయల్దేరుతోంది,
తలలు తీసే పనికి, చేతులకి అప్పుడే గుడ్డలు చుట్టుకుని.
"మునిగే ఇల్లు నాకెందుకు బాబూ" అంది.
నాలుగడుగులు వేసి వెనక్కొచ్చింది.
"ఇక్కడ వద్దని రాశారు, బాగానే ఉంది.
ఇంకోటి ఎప్పుడిస్తారో ఎక్కడ రాశారు?
లారీలకి గడువుంది, మీ కాయితానికి శుక్రవారముంది,
నాకే తేదీ ఉండదేం?"

ఫారం అటూ ఇటూ తిప్పాను. అలాంటి కాలమ్ లేదు.
"లేదు" కొట్టేసి "ఉంది" అని రాశాను.
కింద మార్జిన్లో, గీత దాటి, చిన్న అక్షరాలతో:
పదహారు కుటుంబాలకు మెరక మీద చోటు,
తొంభై రోజుల్లో.
ఎవరైనా చదువుతారో,
ఫైలు కుట్టేటప్పుడు సరిగ్గా అక్కడే చిల్లు పడుతుందో.

కర్రని తూము పక్కన పాతి వచ్చాను,
వానాకాలం అంకెలకని.
ఇవాళ అరవై రెండో రోజు, చూద్దామని వెళ్ళాను.
కర్రకీ దానమ్మ గుంజకీ మధ్య తాడు,
తాడు మీద చిన్న గౌను, ఒక తువ్వాలు.
నీళ్ళు ఎనభై దగ్గరున్నాయి.
గౌను అంచు తడవకుండా
తాడుని ఎవరో
ఒక ఎర్రగీత పైకి జరిపి కట్టారు.